ఒకే మొక్క, రాష్ట్రానికో చట్టం

విశాఖపట్నంలో సాయంత్రం హౌరా వైపు బండి ఎక్కిన ప్రయాణికుడు తెల్లవారేసరికి ఖరగ్‌పూర్ చేరుకుంటాడు. రైల్వే కొలువుల నిమిత్తం వెళ్లి తరతరాలుగా ఇందా తదితర పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పుట్టింటికీ అత్తింటికీ మధ్య దారి. ఆ ఒక్క రాత్రిలో బండి మూడు రాష్ట్రాలను దాటుతుంది. గంజాయి మొక్క విషయంలో ఆ మూడు రాష్ట్రాల తీరూ ఒకటి కాదు. లైసెన్సు పొందిన భంగు దుకాణం తెలుగు జిల్లాల ప్రజలకు అలవాటైన దృశ్యం కాదు. ఒడిశాలోని పూరీలో అది బహిరంగంగా కనిపిస్తుంది. బెంగాల్‌లో విజయదశమినాడు దుర్గా నిమజ్జనం అనంతరం 'సిద్ధి' పేరిట అదే ఆకు పానీయాన్ని పుచ్చుకోవడం పాత ఆచారం. అయితే అదే మొక్క పూత ఎవరి సంచిలో దొరికినా ఈ మూడు రాష్ట్రాలలోనూ జైలు తప్పదు.

ఈ వైరుధ్యానికి మూలం చట్టంలోనే ఉన్నది. 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ఈ మొక్క బంక అయిన చరస్‌ను, పూత, కాయ కొనలైన గంజాయిని నిషేధించింది. పూత కొనలతో కలిసి లేనప్పుడు ఆకును, గింజను గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికలోని నిర్వచనమే దీనికి ఆధారం. ఆకుతో తయారయ్యే భంగు ఆ విధంగా కేంద్ర చట్టం చేతికి అందక, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల పాలబడింది.

రాష్ట్రాలు తమకు తోచిన దారి పట్టాయి. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో భంగు అమ్మకానికి లైసెన్సులున్నాయి. బెంగాల్‌లో 1909 నాటి ఎక్సైజ్ చట్టం దానిని మత్తు పదార్థాలలో చేర్చి నియంత్రణలో ఉంచింది. మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం ప్రకారం అనుమతి లేనిదే భంగును దగ్గర ఉంచుకోరాదు. అస్సాం 1958లోనే గంజాయితోపాటు భంగునూ నిషేధిస్తూ ప్రత్యేక శాసనం చేసింది. మద్యనిషేధం అమలులో ఉన్న గుజరాత్ 2017లో భంగును నిషిద్ధ మత్తు పదార్థాల జాబితా నుంచి తొలగించడం గమనార్హం. ఉత్తరాఖండ్ 2018లో మత్తు అంశం 0.3 శాతానికి మించని జనుము రకం గంజాయి సాగుకు లైసెన్సు ఇచ్చింది. 2021లో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఈ మొక్క గింజనూ, గింజ నూనెనూ ఆహార పదార్థాలుగా గుర్తించింది.

ప్రాంతాల ఆచారాలు వేరైనపుడు చట్టాలు వేరుగా ఉండటం తప్పు కాదు. బెంగాల్ గంజాయిపై బ్రిటిష్ పార్లమెంటులో లేచిన ప్రశ్నతో 1893లో ఏర్పడి, తరువాత దేశమంతటా విచారణ జరిపిన కమిషన్ కూడా సంపూర్ణ నిషేధాన్ని కాక, పన్నునూ నియంత్రణనూ సిఫార్సు చేసింది. అసలు ప్రశ్న వేరు. ఈ తేడాల భారం ఎవరిపై పడుతున్నది?

చట్టంలో ఒక కిలో లోపు గంజాయి స్వల్ప పరిమాణం. ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు కఠిన శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు దాదాపు అసాధ్యం. రైలులో పట్టుబడే మూటలో పూత, ఆకు, గింజ, కాడ కలిసి ఉంటాయి. అన్నిటినీ కలిపి తూచితే 22 కిలోలు, ఆకునూ గింజనూ వేరుచేస్తే 18 కిలోలు అనుకుందాం. ఆ నాలుగు కిలోల తేడా ఒక మనిషి జీవితంలో పదేళ్లు. ఈ విషయంలో హైకోర్టుల అభిప్రాయాలు ఏకరీతిగా లేవు. భంగు ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి రాదంటూ 2022లో కర్ణాటక హైకోర్టు ఒక నిందితునికి బెయిలు మంజూరు చేసింది. అంతవరకు అతడు జైలులోనే గడపవలసి వచ్చింది.

పట్టుబడేవారిలో పెద్ద వర్తకులు అరుదు. విశాఖ మన్యంలోనో, సరిహద్దుకు ఆవల మల్కన్‌గిరిలోనో పండిన సరుకును కూలికి మోసే యువకులే ఎక్కువగా చిక్కుతారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'పరివర్తన' పేరిట మన్యంలో వేల ఎకరాల తోటలను ధ్వంసం చేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. ఆ చర్య అవసరమే. కానీ పెట్టుబడి పెట్టిన వర్తకుడు మరో కొండకు తరలిపోగలడు. గిరిజన రైతు పోలేడు. పాడేరు, అరకు కాఫీకి లభించినటువంటి మద్దతు, మార్కెట్టు ఇతర పంటలకూ దొరికిననాడే ఆ రైతు ఈ ఊబి నుంచి బయటపడగలడు.

అయితే తలుపులు బార్లా తెరవడమే పరిష్కారమనే వాదనను అంగీకరించలేము. 2022లో ఆంక్షలు సడలించిన థాయ్‌లాండ్ మూడేళ్లు తిరిగేసరికి వైద్యుని చీటీ తప్పనిసరి చేస్తూ వెనకడుగు వేసింది. జర్మనీ 2024లో అనుమతించినప్పటికీ బహిరంగంగా దగ్గర ఉంచుకోవడానికి 25 గ్రాముల హద్దు పెట్టింది. లేత వయసులో ఈ మత్తుకు అలవాటుపడితే మనసుకూ చదువుకూ కలిగే హాని కాదనరానిది.

చేయవలసినవి క్లిష్టమైన పనులు కావు. పట్టుబడిన సరుకులో పూతను, ఆకును, గింజను వేరుగా తూచి మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలని కేంద్రం స్పష్టమైన నిబంధన చేయాలి. భంగుపై ఏ రాష్ట్రంలో ఏ నియమం ఉన్నదో రైల్వే స్టేషన్లలో ప్రజల భాషలలో రాసి పెట్టాలి. ఖరగ్‌పూర్‌లో ఆ బోర్డు బెంగాలీ, హిందీలతోపాటు తెలుగులోనూ ఉండాలి. స్వచ్ఛందంగా చికిత్స కోరే వ్యసనపరునికి విచారణ నుంచి మినహాయింపునిచ్చే 64ఏ సెక్షన్ చట్టంలో ఉన్నది. దాని గురించి నిందితులకు ముందుగా చెప్పే బాధ్యతను పోలీసులపై పెట్టాలి.

రాష్ట్రానికో నియమం ఉండవచ్చు. తాను దాటుతున్న హద్దు ఏమిటో, మోస్తున్న మూటకు ఎంత శిక్షో పౌరునికి తెలియకపోవడం మాత్రం న్యాయం అనిపించుకోదు. చట్టం తెలియదనడం నేరానికి సాకు కాదంటారు. తెలియజెప్పకపోవడానికి ప్రభుత్వానికీ సాకు ఉండకూడదు.