పేరు మీద అలిగితే బాక్టీరియా చావదు

ఆడిట్ అభ్యంతరానికి జవాబు రెండు రకాలుగా ఇవ్వొచ్చు. రిజిస్టరు తెరిచి, సరుకు లెక్కపెట్టి చూపించడం ఒకటి. "ఈ ఆడిటరును ఎవరు పంపారు?" అని ఎదురడగడం రెండోది. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాడిగా చెబుతున్నాను, రెండో జవాబుతో ఏ పేరా కూడా సెటిల్ కాదు.

ఎన్‌డిఎం-1 విషయంలో మన ప్రభుత్వం ఇచ్చింది ఆ రెండో జవాబే.

ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగి బాక్టీరియాలో 2008లో ఒక ఎంజైము బయటపడింది. 2009లో దానికి న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్ అని పేరు పెట్టారు. మనం తరచూ మింగే అమాక్సిసిలిన్, సెఫిక్సైమ్‌లనే కాదు, ఆసుపత్రులు ఆఖరి అస్త్రంగా ఉంచుకునే మెరోపెనెమ్‌ను కూడా అది పనికిరాకుండా చేస్తుంది.

2010 ఆగస్టులో లాన్సెట్ వ్యాసం రాగానే మెడికల్ టూరిజం మీద కుట్ర అన్నారు. పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారన్నారు. పేరు మీద అభ్యంతరం న్యాయమే. ఆ పేరు పొరపాటని లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ కూడా 2011 జనవరిలో ఒప్పుకున్నారు. కానీ పేరు మారిస్తే బాక్టీరియా మందుకు లొంగుతుందా? పైగా 2010 మార్చిలోనే ముంబై హిందుజా ఆసుపత్రి డాక్టర్లు మన దేశపు వైద్య పత్రికలోనే రాశారు: కార్బపెనెమ్ మందులకు లొంగని 24 నమూనాల్లో 22 ఎన్‌డిఎం-1వేనని. అది కూడా విదేశీ కుట్రేనా?

2011 ఏప్రిల్‌లో టిమోతీ వాల్ష్ బృందం ఢిల్లీ నీటి పరీక్షల ఫలితాలు ప్రచురించింది. 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింట్లో, వీధుల్లో నిలిచిన నీటి 171 నమూనాల్లో 51లో ఈ జన్యువు ఉంది. పోల్చి చూడటానికి కార్డిఫ్‌లో తీసిన 70 మురుగునీటి నమూనాల్లో ఒక్కదానిలోనూ లేదు. ఈసారి "అనుమతి లేకుండా నమూనాలు తీశారు" అన్నారు. అనుమతి ఒక ఫైలు, నీళ్లు ఇంకో ఫైలు. మొదటిది చూపించి రెండోది మూసేస్తామంటే ఎలా?

మహిమలు చూపే బాబాని "అందరి ముందూ పరీక్షకు నిలబడు" అంటాం. ప్రభుత్వానికీ కొలబద్ద అదే. ఈ పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. బాక్టీరియాను ప్లేటులో పరిచి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. మర్నాడు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని కొలిచి, ప్రమాణ పట్టికతో పోలుస్తారు. ఆ వలయానికి దేశభక్తి తెలియదు, దేశద్రోహమూ తెలియదు.

తర్వాత కొంత కదలిక వచ్చింది. ఐసిఎంఆర్ 2013లో దేశవ్యాప్త నిఘా మొదలుపెట్టింది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. సెఫిక్సైమ్ లాంటి మందు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి, మూడేళ్లు దాచాలి.

ఈసారి ఆ మందు కొన్నప్పుడు మీ పేరు రాశారేమో అడగండి. జబ్బు తీవ్రమైతే, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే కల్చర్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. అడగడం మన అలవాటే కదా!