చట్టసభల రాయబారము – ఇంటి మాట, బయటి మాట

రాయబారమనగానే మన పల్లెలలోని పెద్దలకు మొదట గుర్తుకు వచ్చునది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకమే. యుద్ధము తప్పదని తెలిసియు శ్రీకృష్ణుడు కౌరవ సభకు పోయి మాటలాడినాడు. మాటకు గల అవకాశమును చివరి గడియ వరకు వదలరాదనునది ఆ ఘట్టములోని నీతి. పవిత్ర ఖురానులో ‘షూరా’ అను పేరుతో ఒక అధ్యాయమే కలదు. పదిమందితో సంప్రదించి కార్యము నిర్ణయించుకొనుట ఆ మాటకు అర్థము. ఉర్దూలో మనము నిత్యము వాడు ‘మష్వరా’ ఆ ధాతువు నుండి పుట్టినదే. కావున మాటతో కార్యము సాధించు సంస్కారము ఈ నేలకు రెండు వైపుల నుండియు సంక్రమించినది.

నేడు దేశముల నడుమ ఈ పనిని ప్రభుత్వ రాయబారులు మాత్రమే చేయుట లేదు. ప్రజలెన్నుకొన్న సభ్యులు ఇతర దేశముల సభ్యులతో కూర్చుండి శాంతి భద్రతలను గూర్చి, మానవ హక్కులను గూర్చి చర్చించుచున్నారు. దీనినే పార్లమెంటరీ దౌత్యమని వ్యవహరింతురు. ఇంగ్లండు దేశీయుడైన విలియం రాండల్ క్రీమర్, ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెడరిక్ పాసీ చొరవతో 1889లో అంతర్ పార్లమెంటరీ సంఘము ఏర్పడినది. అనంతర కాలమున వారిరువురును నోబెల్ శాంతి బహుమతి నందుకొన్నారు. తమ భావములను వెల్లడించినందుకు చెరసాల పాలైన సభ్యుల పక్షమున విచారణ జరుపుటకు ఆ సంఘము 1976లో ఒక ప్రత్యేక కమిటీని నెలకొల్పినది. 1999లో మన దేశమునకు చెందిన నజ్మా హెప్తుల్లా ఆ సంఘపు కౌన్సిలుకు అధ్యక్షురాలుగా ఎన్నికైనారు.

అయితే ఈ దౌత్యమునకు బలమెక్కడి నుండి వచ్చును? మన తెలుగువాడు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు జరిగిన ఒక ఘటన దీనికి సమాధానము చెప్పగలదు. 1994 ఆరంభమున కాశ్మీరులోని మానవ హక్కుల విషయమై జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్తాన్ మన దేశమునకు వ్యతిరేకముగా తీర్మానము తలపెట్టినది. ఫిబ్రవరి 22న మన పార్లమెంటు ఉభయ సభలు కాశ్మీరు భారతదేశములో అంతర్భాగమని ఏకగ్రీవముగా తీర్మానించినవి. ఉర్దూ, పారసీ భాషలలోను పండితుడైన ప్రధాని పి.వి. నరసింహారావు జెనీవాకు పోవు బృందమునకు నాయకునిగా తన మంత్రులలో ఎవరినీ నియమింపలేదు. లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడైన అటల్ బిహారీ వాజపేయిని నియమించినారు. విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్, కాశ్మీరు నాయకుడు ఫారూఖ్ అబ్దుల్లా ఆ బృందములో ఉన్నారు. ఇరాన్, చైనాల వంటి దేశములు వోటింగుకు సుముఖముగా లేకపోవుటచే పాకిస్తాన్ మార్చి నెలలో ఆ తీర్మానమును ఉపసంహరించుకొన్నది.

ఈ విజయమునకు కారణములు అనేకము. అందు ఒక్కదానిని మాత్రము విద్యార్థులు గమనింపవలెనని మా కోరిక. స్వదేశములో ప్రధానిని సభాముఖమున దినదినమును విమర్శించు వ్యక్తియే పరదేశములో ఆ దేశము పక్షమున నిలిచినాడు. కావుననే ఆయన మాటకు విలువ కలిగినది. నోరు కట్టివేయబడిన వాడు ‘మా దేశములో స్వేచ్ఛ ఉన్నది’ అనిన నమ్మువారెవరు? ఇంటిలో చేయు విమర్శ వలన బయట పరువు పోవునని కొందరి వాదన. జెనీవా అనుభవము ఈ వాదమును నిలువనీయదు. ఇంటిలోని విమర్శయే బయటి పరువునకు పూచీ.

తీర్మానము వెనుకకు పోయినంత మాత్రమున ఫిర్యాదులు తీరిపోవనుటయు సత్యమే. 1993 అక్టోబరులో జాతీయ మానవ హక్కుల సంఘము ఏర్పడినది. సాయుధ దళములపై వచ్చు ఫిర్యాదుల విషయమున కేంద్రము నుండి నివేదిక కోరి సిఫారసు చేయుట వరకే దాని అధికారము. జెనీవాలో గెలిచిన వాదన నిలుచునా లేదా అనునది ఇట్టి సంస్థలు ఇంటిలో ఎంత ధైర్యముగా పనిచేయునను దానిపైననే ఆధారపడి యున్నది.

ఈ పాఠము మన రెండు జిల్లాలకు క్రొత్తది కాదు. సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడిన కొలది నెలలకే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి లోక్‌సభకు పోటీ చేసి, నెహ్రూ కంటె అధికముగా వోట్లు పొంది గెలిచినారు. తుపాకి పట్టిన ప్రాంతము సభలో మాటలాడు హక్కును పొందినది. శాంతి భద్రతలకు ఇంతకు మించిన మార్గమేమున్నది? నల్లగొండ జిల్లాలో జన్మించి, కల్వకుర్తి నుండి శాసనసభకును, మహబూబ్‌నగర్, మిర్యాలగూడల నుండి లోక్‌సభకును ఎన్నికైన ఎస్. జైపాల్‌రెడ్డి ఎమర్జెన్సీని వ్యతిరేకించి తన పార్టీనే వీడినారు. 1998లో ఆయనకు ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారము లభించినది.

సభ వినకపోయిన ఏమగును? దానికిని నల్లగొండయే నిదర్శనము. ఫ్లోరైడు నీటి వలన ఎముకలు వంగిపోయిన ప్రజల గోడును వినిపించుటకై జలసాధన సమితి పిలుపుతో 1996లో రైతులు పెద్దసంఖ్యలో లోక్‌సభకు నామినేషన్లు వేసినారు. మొత్తము 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పత్రము పుస్తకమైనది. ఎన్నిక వాయిదా పడినది. ఆ సంవత్సరమే చట్టమును సవరించి 500 రూపాయల డిపాజిట్టును 10,000 రూపాయలకు పెంచినారు. నీటి కంటె ముందు డిపాజిట్టు పెరిగినది. తరువాతి కాలమున కృష్ణాజలములు పల్లెలకు చేరినవి గాని, అప్పటికే వంగిన ఎముకలు తిరిగి నిటారు కాలేదు. త్రాగు నీరు మానవ హక్కు కాదా? దానిని గూర్చి ఇంటి సభలో వినని దేశము బయటి సభలో హక్కులను గూర్చి ఏ ముఖముతో మాటలాడగలదు?

ఇటీవలి సంగతికి వత్తము. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో అమాయకులను ఉగ్రవాదులు చంపిరి. అనంతరము జరిగిన సైనిక చర్య పిమ్మట మే నెలలో ఏడు అఖిలపక్ష బృందములు ముప్పదికి పైగా దేశములకు వెళ్ళినవి. హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, అల్జీరియాలకు పోయిన బృందములో ఉన్నారు. మన దేశీయులు లక్షల సంఖ్యలో పొట్టకూటికై శ్రమించు అరబ్బు దేశములలో మన సభ్యుల మాట వినబడుట హర్షణీయము. దేశరక్షణ విషయమున పార్టీ భేదము, మత భేదము లేవని చాటుట అవసరము.

అయినను ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలసి యున్నది. ప్రతిపక్ష సభ్యుడు గాని, అల్పసంఖ్యాక వర్గపు సభ్యుడు గాని విదేశములలో చూపుటకు మాత్రమే పనికివచ్చు సాక్షి కారాదు. బయట ఏ గొంతు దేశపు గొంతైనదో, అదే గొంతు తన వారి చదువును గూర్చి, ఉపాధిని గూర్చి, భద్రతను గూర్చి ఇంటిలో పలికినప్పుడు కూడ దేశపు గొంతుగానే వినబడవలెను. అట్లు కానిచో రాయబారము వేషధారణగా మిగులును.

ఇరుగుపొరుగు దేశముల విషయము మరియు శోచనీయము. సార్క్ దేశాధినేతల సమావేశము 2014లో ఖాట్మండులో జరిగిన పిదప మరల జరుగలేదు. ప్రభుత్వములు పలుకరించుకొనని దినములలో సభ్యులైనను పలుకరించుకొనవలెను. నదులు, కరువు, కూలీల వలసలు – ఇవి సరిహద్దుల కిరువైపులను గల కష్టములే. వీటిని గూర్చి మాటలాడుట శత్రువునకు లొంగుట కానేరదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఏటేటా మన ప్రాంగణమున తెలుగు, ఉర్దూ భాషలు రెంటిలోను ఒక మాదిరి పార్లమెంటును నడిపింపుడు. అందు ప్రతిపక్షమునకు సగము సమయము కేటాయింపుడు. కళాశాల లోటుపాట్లను గూర్చి ప్రశ్న వచ్చిననాడు కోపగింపక సమాధానమిండు. విద్యార్థులారా! మీకు నచ్చని పక్షమున నిలిచి ఒక్క పర్యాయమైనను వాదించి చూడుడు. ఎదుటివాని మాటను అతనికి సమ్మతమగునట్లు తిరిగి చెప్పగలిగిన వాడే రాయబారి. జెనీవాకు పోవు త్రోవ మన తరగతి గది నుండియే మొదలగును.