ఏడు సంపుటాలు, ఏడు తరాలు

అలెక్స్ హేలీ ‘రూట్స్’ అమెరికాలో వెలువడింది 1976లో. మన పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసిందీ ఆ ఏడే. కాకతాళీయమే, కాదనం. అయితే సహవాసి కలంలో ఆ పుస్తకం ‘ఏడు తరాలు’ అయి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుణ్యమా అని పల్లెపల్లెకూ చేరాక, చదివి కంటతడి పెట్టినవాళ్లలో ఎందరికి ఆ చట్టం గుర్తొచ్చింది? ఆ పుస్తకంలో బానిసైన కుంటా కింటే సంకెళ్లు మనకు కనిపిస్తాయి. అడ్వాన్సు తీసుకున్న పాపానికి రొయ్యల గుంటల కాడ కాపలాగా ఉండిపోయిన యానాది తెగ కుటుంబం కనిపించదు. అప్పు తీరేదాకానే అంటారు. అది తీరదు.

యానాదుల మీద పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అక్షరక్రమాన యానాదులకు చివరిదాంట్లో చోటు దక్కింది. థర్‌స్టన్ టేపు పట్టుకుని తలలూ ముక్కులూ కొలిచిన మనిషి. ముక్కు వెడల్పును పొడవుతో పోల్చి ఎవరు ఏ జాతో తేల్చేయొచ్చని అప్పటి పండితుల ధీమా. ఈ విద్య అమెరికాలో అంతకు ముందే ముదిరింది. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మోర్టన్ పుర్రెల్లో గింజలు పోసి కొలిచి, అందరికన్నా తెల్లవాడి బుర్రే పెద్దదని 1839లో పుస్తకం అచ్చేశాడు. బానిసలున్న దొరలకు అంతకన్నా ఏం కావాలి!

మన పత్రికలు యానాదుల విషయంలో ఇప్పటికీ థర్‌స్టన్ శిష్యులే. ఎలుకలు పట్టే ఫొటో ఒకటి, పాముల మందు మీద ముచ్చట ఒకటి. లేదంటే వెట్టి నుంచి ఇంతమందిని విడిపించారని ఒక అంకె. నేలపట్టు గూడబాతులు ఎక్కడ గూళ్లు కట్టేదీ, ఎప్పుడు పిల్లలు లేపేదీ దొరవారిసత్రం విలేకరులు సీజను తప్పకుండా రాస్తారు. యానాదుల ముందుతరాల గురించి మాత్రం రాయరు. మనిషికీ తాతముత్తాతలు ఉంటారు కదా! నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితకాలం పాటుపడ్డారు, ఇంగ్లిషులో పుస్తకమూ రాశారు. ఆయనంటే మాకు గౌరవం. అయినా అదీ పక్కవాళ్ల కలమే.

అమెరికా వైపు చూసి ఇంటి సంగతి గ్రహించినవాళ్లు మనకు లేకపోలేదు. 1873లోనే ఫూలే తన ‘గులాంగిరీ’ని నల్లవాళ్ల విముక్తికి నిలబడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్, నీగ్రోల తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన అర్జీ ప్రతి కావాలని అమెరికా నల్లజాతి మేధావి డుబోయ్స్‌కు ఉత్తరం రాశాడు. చూసి ఏడ్చి ఊరుకోలేదు వాళ్లు.

హేలీ గురించి ఇంకో మాట కూడా మన పాఠకులకు చెప్పాల్సింది. 1977లోనే లండన్ విలేకరి మార్క్ ఆటవే గాంబియా వెళ్లి జుఫురే ఊళ్లో ఆరా తీశాడు. హేలీకి కుంటా కింటే కథ వినిపించిన పెద్దమనిషి సాక్ష్యం నమ్మదగ్గది కాదని బయటపెట్టాడు. మరుసటేడు హేలీ, వేరే నవల్లోంచి వాక్యాలు తీసుకున్నాడన్న దావాలో డబ్బు కట్టి రాజీపడ్డాడు. అంతమాత్రాన బానిసత్వం అబద్ధం కాదు. కానీ వంశచరిత్రని చెప్పి అచ్చేసినప్పుడు ఆరా తీయడం విలేకరి పని. మన దగ్గర ఇన్ని ముద్రణలు నడిచినా ఈ సంగతి మీద చర్చ జరిగింది తక్కువ.

అందుకే మా పత్రికలో వచ్చే సంచిక నుంచి మా దొరవారిసత్రం మండలంలోని యానాది పెద్దలు చెప్పే కుటుంబ కథలు వరసగా వేస్తున్నాం. చెప్పినవారి పేరే రచయితగా ఉంటుంది, పారితోషికమూ వారికే. ఊళ్లు, భూములు, ఏళ్లు దొరికినంత మేర తహసీల్దారు ఆఫీసు కాగితాలతో సరిచూస్తాం. కాగితం ఒకటి చెప్పి, అవ్వ ఇంకొకటి చెబితే రెండూ పక్కపక్కన అచ్చేస్తాం.