ఇంటి లెక్క: మూటలో చేర్చవలసిన మాటలు

ఆడపిల్లను పైచదువునకు పొరుగూరు పంపునపుడు తల్లి ఏమేమి మూట గట్టునో మా పాఠకురాండ్రకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆవకాయ జాడీ, కంది పొడి, సున్నుండలు, దుప్పటి, తలనూనె, దేవుని పటము అన్నియు నుండును. తుదకు చేతిలో నొక ఫోను నుంచి, “జాగ్రత్త తల్లీ” యని పలికి బస్సెక్కింతుము. ఆ ఫోను మాటలాడుటకు మాత్రమే కాదు, ఇంటి యినుపపెట్టె తాళపుచెవియు నందే యున్నదని మనకు తోచదు. ఆ తాళపుచెవికి సంబంధించిన మాటలను అర్థముతో నేర్పి పంపుచున్నామా? ఈ నెల మేము సోదరీమణులతో ముచ్చటింపదలచినది ఇదియే.

కొలదికాలము క్రిందట మేము వేదాద్రికి పోయియుంటిమి. జగ్గయ్యపేటకు చేరువను, కృష్ణానది యొడ్డున, యోగానంద నరసింహస్వామి వెలసిన క్షేత్రమది. పూర్వము కృష్ణా జిల్లా మెట్టసీమ యనబడిన ఈ జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 ఏప్రిలు నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. మిరపయు ప్రత్తియు పండు నేల. మేము కొబ్బరికాయ కొన్న అంగడిలో చిల్లర పెట్టె ప్రక్కనే చదరపు గుఱుతులుగల క్యూ.ఆర్. పలకయు, డబ్బు చేరినదని పలికెడి చిన్న పెట్టెయు నుండెను. అంగడి యామె చదువు రానిదే యైనను ఆ పెట్టె పలుకునంతవఱకు కాయ చేతికియ్యలేదు. ఆమె జాగ్రత్తకు మేము మెచ్చుకొంటిమి.

అచ్చటనే మెట్లపై గూర్చుండగా ఒక యిల్లాలు మాతో మాటలాడినది. ఆమె కూతురు ఇంటరు ముగించి విజయవాడ వసతిగృహములో నుండి చదువుచున్నది. మిరపకాయలు అమ్మిన డబ్బులో కొంత పిల్ల చదువు నిమిత్తము ఆ పిల్ల ఖాతాలోనే వేసిరట. ఒకనాడెవరో ఫోను చేసి, “నీకు విద్యార్థి వేతనము మంజూరైనది, నీ ఫోనుకు వచ్చిన ఆఱంకెలు చెప్పుము” అనిరట. పిల్ల సంతోషముతో చెప్పినది. పదునెనిమిదివేల రూపాయలు పోయినవి. తండ్రి కోపపడునని భయపడి నాలుగు దినములు ఎవరికిని చెప్పలేదు. తెలిసి పరుగెత్తునప్పటికి ఆ డబ్బు చేతులు మాఱి దాటిపోయినది.

ఆ తల్లి మాతో ననిన మాట మఱవజాలము. “అమ్మా, డబ్బు పోయినందుకు కాదు నా బాధ. నాలుగు రోజులు పిల్ల అన్నం తినకుండా ఆ మాట కడుపులో పెట్టుకొంది. నాతో చెప్పుకోలేకపోయింది చూశారూ, అదీ నా బాధ.”

ఈ క్షేత్రమునకు వేదాద్రి యను పేరెట్లు వచ్చెనో ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. సోమకాసురుడు బ్రహ్మ యొద్దనుండి వేదములను దొంగిలించి సముద్రమున దాచెననియు, విష్ణువు మత్స్యావతారమెత్తి వాటిని తెచ్చెననియు, ఆ వేదములే యిచ్చట కొండయై నిలిచెననియు స్థలపురాణము. ఆ రాక్షసుడు బంగారమును దొంగిలించలేదు, ధాన్యమును దొంగిలించలేదు, వాక్కును దొంగిలించెను. నేటి దొంగయు నట్టివాడే. గోడకు కన్నము వేయడు, తాళము పగులగొట్టడు. ఒక మాట యడుగును; మనము చెప్పుదుము. కావున ఏ మాట యెట్టిదో తెలియుటయే నేటి కావలి.

ముందుగా ఖాతాకు సంబంధించిన మాటలు చూతము. ఖాతా సంఖ్యయు, ఐ.ఎఫ్.ఎస్. కోడును డబ్బు పంపువారికి చెప్పదగినవి. ఐ.ఎఫ్.ఎస్. కోడనగా ఏ బ్యాంకు, ఏ శాఖ యని తెలుపు పదునొకండు అక్షరముల గుఱుతు. ఇది మన యింటి చిరునామా వంటిది. మన జిల్లాలో పెక్కుమంది యిండ్లలో ఆంధ్రా బ్యాంకు పాతపుస్తకము లింకను నున్నవి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పిదప శాఖల కోడులును మాఱినవి. పాతపుస్తకము చూచి కోడు వ్రాసి యిచ్చిన పిల్లకు రావలసిన డబ్బు రాదు. క్రొత్త పుస్తకమును చూచియే వ్రాయవలయును.

ఆధారు సంఖ్య పండ్రెండంకెలు గలది. ప్రభుత్వము ఆధారును బట్టి పంపెడి సొమ్ము, ఎన్ని ఖాతాలున్నను, ఒక సమయమున ఒక్క బ్యాంకుకే చేరును. పిల్ల క్రొత్త యూరిలో మఱియొక బ్యాంకులో ఖాతా తెఱచి ఆధారును దానికి ముడివేసినచో సొమ్మక్కడికి పోవుచుండును. ఇంటివారు పాత ఖాతాను చూచి రాలేదని చింతింతురు. ఏ ఖాతాకు ముడివడియున్నదో ముందుగా తెలిసికొని ఒకచోట వ్రాసి యుంచుకొనుడు.

ఇక రహస్యమైన మాటలు. యూ.పీ.ఐ. యనునది 2016లో వచ్చిన ఫోను చెల్లింపుల పద్ధతి. దీనిలో పిన్ననునది నాలుగు గాని ఆఱు గాని అంకెలు గలది. అది డబ్బు పంపుటకును, నిలువ చూచుకొనుటకును మాత్రమే. పుచ్చుకొనుటకు ఎన్నడును కాదు. ఈ యొక్క వాక్యమును పిల్లలచేత ఎక్కమువలె వల్లె వేయింపుడు. “నీకు డబ్బు పంపుచున్నాను, ఈ గుఱుతును చిత్రించి పిన్ను నొక్కుము” అని యెవడన్నను వాడు దొంగయే. అటులనే ఓ.టీ.పీ. యనగా ఒక్క పర్యాయము మాత్రము చెల్లెడి అంకెలు. ఇవి ఖాతాదారు సమ్మతికి గుఱుతు. కాగితముపై మన చేవ్రాలు వంటివి. పరాయివానికి తెల్లకాగితముపై చేవ్రాలు చేసి యిత్తుమా? బ్యాంకువారు గాని, కళాశాలవారు గాని, పోలీసువారు గాని వీటిని ఫోనులో నడుగరు.

ఏ.పీ.కే. యను మూడక్షరములను గూడ నెఱిగియుండవలెను. ఫోనులో క్రొత్త యాపు నమర్చెడి దస్త్రమునకు తుదియందుండు గుఱుతది. పెండ్లి శుభలేఖ యనియు, వాహనపు జరిమానా చీటీ యనియు పేరుపెట్టి ఇట్టి దస్త్రములను వాట్సాపులో పంపుచున్నారు. తెఱచినచో లోపలికొక దొంగయాపు చేరి, మన ఫోనుకు వచ్చు అంకెలను తానే చదివికొనును. శుభలేఖ నిజమైనదైనచో పంపినవారు ఫోను చేసి పిలువక పోరు గదా! వారి నడిగి తెలిసికొందము.

“డిజిటల్ అరెస్టు” అను మాట మఱియొకటి. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి, “నీ పేర నేరము పడినది, ఫోను ముందునుండి కదలకుము, డబ్బు పంపుము” అని బెదరించును. మన దేశపు చట్టములో ఇట్టి నిర్బంధమే లేదు. భయపడక ఫోను పెట్టివేయవలసినది.

ఇక వడ్డీ మాట. ఇది మన పల్లెలలో పాతదే యైనను పిల్లలు పొరబడునది ఇచ్చటనే. “నూటికి రెండు” అని మన పెద్దలన్నచో అది నెలకు. బ్యాంకువారు “తొమ్మిది శాత” మన్నచో అది సంవత్సరమునకు. రెండు తొమ్మిదికన్న చిన్నది గదాయని పిల్ల మురిసినచో మునిగినదే. పదివేల రూపాయలకు నూటికి రెండు చొప్పున ఏడాదికి 2,400 రూపాయలు వడ్డీ. తొమ్మిది శాతమునకు 900 రూపాయలు మాత్రమే. వడ్డీ అసలులో కలిసి మరల వడ్డీ పుట్టుటను చక్రవడ్డీ యందురు. దానికొక సులువైన లెక్క గలదు. 72ను సంవత్సరపు వడ్డీ శాతముచే భాగించినచో సొమ్ము ఎన్ని యేండ్లలో రెట్టింపగునో సుమారుగా తెలియును. ఆఱు శాతమునకు దాచినది పండ్రెండేండ్లలో రెట్టింపగును; ఇరువదినాలుగు శాతమునకు తెచ్చిన యప్పు మూడేండ్లలోనే రెట్టింపగును. పొదుపు నడచిపోవును, అప్పు పరుగెత్తును.

అప్పుల యాపులు వేఱొక గండము. “ఐదువేలు, వారములో తీర్పవలయు” నని చెప్పి, ఖర్చుల పేర ముందే కోసికొని మూడువేల ఐదువందలే చేతికిత్తురనుకొనుడు. వారమునకు తీర్పవలసినది ఐదువేలే. అనగా చేతికి వచ్చినదానిపై ఏడు దినములకే నూటికి నలువదిరెండు పైచిలుకు! తీర్పలేనిచో ఫోనులోని పేర్లన్నింటికిని ఫోను చేసి పరువు తీయుదురు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు దీనికి కట్టుబాట్లు చేసిరి. అప్పిచ్చుటకు ముందు ఏడాది మొత్తపు ఖర్చును శాతముగ చూపు ముఖ్యాంశముల పత్రము నీయవలయును. అప్పుల యాపు మన ఫోనులోని పేర్లను, పటములను తాకరాదు. ఆ పత్రము లేనిచోట అప్పు పుచ్చుకొనరాదని పిల్లకు చెప్పుడు.

“ఆటోపే” యనునది మన అనుమతితో నెలనెలా దానంతటదే డబ్బు కోసికొను ఏర్పాటు. మొదటి నెల ఒక్క రూపాయియే యని యాశపెట్టి, పిదప వందలు లాగునవి కలవు. ఫోనులో చెల్లించిన డబ్బు చేతినుండి పోవునది కంటికి కానరాదు. దినమునకు ముప్పది రూపాయల చిరుతిండి ఏడాదికి 10,950 రూపాయలగును. వారమునకొకతూరి ఆదివారమునాడు ఫోనులోని పద్దులన్నియు ఒక పుస్తకములో దింపుకొను నలవాటు పిల్లకు చేసినచో ఆటోపేయు బయటపడును, చిరుతిండియు బయటపడును.

అన్నింటికన్న ప్రమాదకరమైనది “అద్దె ఖాతా”. “నీ ఖాతా కొన్నాళ్లు మాకిమ్ము, కొంత సొమ్మిత్తుము” అని విద్యార్థుల నాశపెట్టువారు గలరు. దొంగిలించిన సొమ్ము ఆ ఖాతాగుండ పాఱును. పోలీసులు ముందు వచ్చునది ఖాతా యెవరి పేరనున్నదో వారి యింటికే. వేదాద్రిలో ఆ తల్లి పోగొట్టుకొన్న మిరప డబ్బు ఏ పిల్లవాని ఖాతాగుండ దాటిపోయెనో! వాని తల్లియు మనవంటిదే గదా. మన పిల్లలు మోసపోరాదని చెప్పుటతో చాలదు. మోసమునకు దారి గారాదని కూడ చెప్పవలయును.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినను ఒక్కొకపుడు కాలు జాఱును. అపుడు చేయవలసినదేమి? వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలయును; ఇది సైబరు నేరముల సహాయమునకై దేశమంతటికి నేర్పఱచినది. పిమ్మట బ్యాంకుకు తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలయును. సొమ్ము ఇంకను ఏదో యొక ఖాతాలో నిలిచియుండగనే దానిని కట్టివేయు నవకాశ ముండును. గంటలు గడచినకొలది అది తగ్గిపోవును. 2017 జూలైలో రిజర్వు బ్యాంకువారు చేసిన నిబంధనయు దీనినే చెప్పినది. ఖాతాదారు అజాగ్రత్తచే అంకెలు చెప్పి పోగొట్టుకొన్నచో, బ్యాంకుకు తెలుపువఱకు కలిగిన నష్టము ఖాతాదారుది. తెలిపిన పిమ్మట కలిగినది బ్యాంకుది. అనగా నోరు విప్పిన నిమిషము నుండియే రక్ష.

ఇప్పుడా వేదాద్రి మెట్లపై గూర్చున్న తల్లి మాట మరల తలచుకొందము. దొంగ మొదటి దినముననే పిల్లను మోసగించెను. కాని మిగిలిన దినములు ఆమె నోరు మూయించినది దొంగ కాదు, ఇంటిలోని కోపము. “నీకు బుద్ధి లేదా?” యని మనము ఏనాడో చిన్న పొరపాటుకు కసరిన కసరు పిల్ల మనసులో నిలిచియుండును. డబ్బు పోయిన దినమున అదే జ్ఞప్తికి వచ్చును. పోయిన గాజులకు, పగిలిన పళ్లెమునకు మనము తిట్టిన తిట్లు ఇట్లు వడ్డీతో తిరిగి వచ్చును.

కావున సోదరీమణులారా, ఈ యేడు పిల్లను బస్సెక్కించుటకు ముందు ఒక రాత్రి తీఱికగా ప్రక్కను గూర్చుండబెట్టుకొని ఈ మాటలన్నియు చెప్పుడు. మీకు తెలియనివి ఆమె నడిగి తెలిసికొనుడు. నేర్పుటలో నేర్చికొనుటయు గలదు. కడపట, ఆ యిల్లాలు తన కూతురితో తరువాత ననిన మాటనే మీరును చెప్పుడు: “ఏం జరిగినా ముందు నాకు చెప్పు. నిన్నేమీ అనను.” చెప్పినట్లే ఏమియు ననకుండుడు. ఆవకాయ జాడీకన్న బరువైనదేమియు కాదు. పిల్లకు ఎల్లకాలము నిలువయుండునది అదియే.