మెచ్చుకోలు చాలు, నేర్పే మనిషిని ఇవ్వండి

వికలాంగులు బండి నడిపితే మన పత్రికలు రాసే మాట ఒక్కటే: సంకల్పం ముందు వైకల్యం తలవంచింది. 2023 డిసెంబరులో కేరళలో జిలుమోల్ మేరియట్ థామస్‌కు కారు లైసెన్సు వచ్చినప్పుడు దేశమంతా ఇదే రాశారు. పుట్టుకతోనే రెండు చేతులూ లేని ఆమె కాళ్లతో స్టీరింగ్ తిప్పుతుంది. అంతకు రెండేళ్ల ముందు, మన కరీంనగర్ జిల్లాలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మూడడుగుల మనిషికి లైసెన్సు వచ్చినప్పుడూ ఇదే పాట. చదివినవాళ్లు శెభాష్ అన్నారు, ఫోన్లలో పదిమందికి పంపారు, మరిచిపోయారు.

నా పేచీ ఆ మెచ్చుకోలుతోనే. తెగువ ఉన్నవాళ్లు ఎలాగో నేర్చుకుంటారు, లేనివాళ్లు ఇంటిపట్టున ఉంటారు అనే నమ్మకం దాని అడుగున ఉంది. ఈ నమ్మకం నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఎన్నో బతుకులను గడప దాటనివ్వడం లేదు.

జిలుమోల్ సంగతే చూడండి. అధికారులు మొదట కుదరదన్నారు. రాష్ట్ర వికలాంగుల కమిషన్ కలగజేసుకుంది. ఇండికేటర్లు, వైపర్లు, హెడ్‌లైట్లు నోటిమాటతో పనిచేసేలా కొచ్చిలోని ఒక సంస్థ కారును మార్చింది. ఒక డ్రైవింగ్ స్కూలు ఆమెను చేర్చుకుని నేర్పింది. ఇంతమంది పూనుకుంటే గానీ ఆమె పట్టుదల రోడ్డెక్కలేదు. మన కరీంనగర్ మనిషి కూడా పెడల్స్ ఎత్తు పెంచి, కారును తన ఒంటికి తగ్గట్టు మార్పించుకున్నాకే నడిపాడు. ఈ పనంతా పక్కకు పోయి, కథలో ధైర్యం ఒక్కటే మిగిలింది. ధైర్యాన్ని పొగడటానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు. నేర్చుకున్నవాళ్లు ధీరులని తేల్చేస్తే, నేర్చుకోలేకపోయినవాళ్లదే తప్పు అవుతుంది. సర్కారుకు, ఆస్పత్రికి, డ్రైవింగ్ స్కూలుకు, ఇంటివాళ్లకు ఏ పూచీ ఉండదు.

మామూలు మనిషికి కారు నేర్పేటప్పుడు మనం ఇలా ఆలోచించం. 2021 జూలైలో అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కారు కోర్సు 29 గంటలు. కాళ్లూ చేతులూ బాగున్న మనిషికి అన్ని గంటలు కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. పోలియోతో కుడికాలు సన్నబడ్డ అమ్మాయికి మాత్రం తాళంచెవి చేతికిచ్చి ఫొటో దిగితే పని అయిపోయినట్టేనా?

మన ప్రాంతంలో బండి అవసరం ఎంతో చెప్పాలంటే బోధన్‌లోని షక్కర్‌నగర్ నుంచి మొదలుపెట్టాలి. అక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ ఊళ్లో చాలామందికి ఇల్లు, పని, బడి, దవాఖాన అన్నీ దగ్గరే. చేతికర్రతో నడిచే మనిషి కూడా గేటు దాకా పోయి డ్యూటీ చేసి రాగలిగేవాడు. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. పనులు నిజామాబాద్ బాట పట్టాయి, అంటే పోనూ పాతిక కిలోమీటర్లు, రానూ పాతిక. చెరకు వేసిన రైతులు చాలామంది వరికి, సోయాకు మళ్లారు. నడవగలిగినవాళ్లు బస్సెక్కారు, మోటార్ సైకిల్ కొన్నారు, గల్ఫ్‌కు పోయారు. నడవలేనివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

పోలియో పోయింది కదా, ఇంకా ఎవరున్నారు అనేవాళ్లున్నారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, నిజమే. అంతకు ముందు పుట్టి పోలియో బారిన పడ్డవాళ్లు ఇప్పుడు సంసారాలు మోస్తున్న వయసులో ఉన్నారు. వాళ్లకు తోడు దుబాయ్, మస్కట్ సైట్లలో పైనుంచి పడి వెన్నుపూస దెబ్బతిని తిరిగొచ్చినవాళ్లు, షుగర్ జబ్బుతో పాదం తీసేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు ఉన్నారు. వీళ్లెవరినీ పోలియో చుక్కలు కాపాడవు.

వీళ్లకు సర్కారు ఏమీ చేయలేదని నేను అనను. తెలంగాణ వికలాంగుల సహకార సంస్థ సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్లను ఉచితంగా ఇస్తున్నది. పింఛను 2023లో 4,016 రూపాయలైంది. చట్టాలూ మారాయి. 1988 మోటారు వాహనాల చట్టం వికలాంగుల బండి ప్రత్యేకంగా తయారైనదే అయ్యుండాలి, మామూలు బండిని మార్చుకుంటే చెల్లదు అన్నది. 2019 సవరణ ఆ అడ్డు తీసేసి, మార్పించుకున్న బండికీ చోటిచ్చింది. చెవిటివాళ్లకు లైసెన్సు ఇవ్వొచ్చని ఢిల్లీ హైకోర్టు 2011లోనే తేల్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ అయితే వ్యక్తిగత రాకపోకలకు సాయం చేసే పథకాలు ప్రభుత్వమే పెట్టాలంటుంది, బండ్లకు మార్పులు చేయించడం సహా. ఇన్ని ఉన్నా బండి వాకిట్లోకి వచ్చిన రోజు నుంచి అది రోడ్డెక్కే రోజు దాకా పక్కన నిలబడే మనిషి లేడు.

ఆ బండి సంగతి దగ్గరగా చూద్దాం. మామూలు స్కూటర్ మలుపులో వంగుతుంది. సైడ్ వీల్స్ ఉన్న స్కూటర్ వంగదు. అందుకే మలుపు తిరిగేటప్పుడు నడిపే మనిషే తన ఒంటిని లోపలివైపు వంచాలి. నడుము కింద పట్టులేని మనిషి వంగలేడు, బయటివైపు తూలతాడు. ఆ తూలుడులో పట్టు కోసం హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే కుడిచేతి కింద ఎక్సలేటర్ తిరిగిపోతుంది. రోడ్డు మధ్యలో గుంత వస్తే, సైడ్ వీల్స్ రెండూ గట్టు మీద ఆనుకుని, బండిని నడిపించే వెనక చక్రం గాల్లో తేలుతుంది. ఇంజన్ మోగుతుంది, బండి కదలదు. ఇక కోతల రోజుల్లో మన రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. మామూలు స్కూటర్ పట్టే సందులో ఈ బండి పట్టదు. ఎడమ సైడ్ వీల్ రాయిని తాకితే బండి మొత్తం ఎడమకు లాగుతుంది. వెనక నుంచి హార్వెస్టర్ హారన్ కొడుతుంటుంది. ఇలాంటప్పుడు గుండెనిబ్బరం ఒక్కటే ఏం చేస్తుంది?

వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి ఇంకో ప్రమాదం ఉంది, అది బయటికి కనిపించదు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన స్కూటర్ సీటు మీద కూర్చుంటే మనకు చుర్రుమంటుంది, లేస్తాం. స్పర్శ లేని తొడకు ఏమీ తెలియదు. ఇంటికి పోయాక బొబ్బ చూసుకుంటాడు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిరుదుల దగ్గర ఒత్తిడి పుండు పడొచ్చు, అది మానడానికి నెలలు పట్టొచ్చు. బండి ఇచ్చి ఇది చెప్పకపోతే, ఇచ్చిన బండే మనిషిని మంచాన వేస్తుంది.

ఇవన్నీ ముందే చూసి, కొలిచి, నేర్పే వృత్తి ఒకటుంది. ఆక్యుపేషనల్ థెరపీ అంటే మన దగ్గర చాలామందికి మాట ఆలస్యమైన పిల్లల సెంటర్లే గుర్తొస్తాయి. వృత్తి మాత్రం దేశానికి కొత్తది కాదు. 1950లో కమలా నింబ్కర్ బొంబాయిలో దీనికి బడి పెట్టారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం దీన్ని గుర్తించింది. ఫిజియోథెరపిస్ట్ మోకాలు వంగేలా చేస్తే, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఆ మోకాలితో మనిషి ఏ పని చేసుకోవాలో చూస్తారు. ఆ పని బండి నడపడమైతే ముందు కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షిస్తారు: పిడికిలి బలం ఎంత, మెడ ఎంత తిరుగుతుంది, రెండు పక్కల నుంచి వచ్చేది కంటికి ఆనుతుందా, ఒక పని మీద ఉండగా ఇంకొకటి అడ్డొస్తే మనసు ఎంత త్వరగా మళ్లుతుంది. తర్వాత బండి మీద. కుడికాలు లేనివాళ్లకు ఎడమకాలి ఎక్సలేటర్, రెండు కాళ్లూ పనిచేయనివాళ్లకు చేత్తో నొక్కే బ్రేకు, ఒంటిచేత్తో తిప్పేవాళ్లకు స్టీరింగ్ మీద పిడి, ఛాతీకి బెల్టు, సీటు మీద సరైన దిండు, చక్రాల కుర్చీ నుంచి సీట్లోకి జరిగే పద్ధతి. ఆ తర్వాత ఖాళీ మైదానంలో, ఆ తర్వాత డ్రైవింగ్ టీచర్‌తో కలిసి రోడ్డు మీద. అమెరికాలో ఈ పని చేసే నిపుణులకు 1977 నుంచే ప్రత్యేక సంఘం ఉంది. అక్కడ దీన్ని సాహసమని ఎవరూ అనరు. డాక్టరు చీటీ రాస్తారు, మనిషి పోతాడు, నేర్చుకుంటాడు.

ఇక్కడ మన ఆఫీసులు అడిగేది మాత్రం శాతం. వైకల్యం ఎంతో తేల్చే సదరం శిబిరంలో ఇచ్చిన అంకె. నలభై శాతం ఉందా, ఎనభై ఉందా? పింఛనుకు ఆ లెక్క పనికొస్తుందేమో గానీ, బండి నడపగలరా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. డెబ్బై అయిదు శాతం అని రాసిన పోలియో మనిషి, చేతులు దిట్టంగా ఉండి, తగిన బండి దొరికితే నిక్షేపంగా నడుపుతాడు. కాగితమే లేని ఇంకో మనిషిని చూడండి. కుడి మెదడుకు పక్షవాతం వచ్చింది, మూడు నెలలకు లేచి నడిచాడు, మాట బాగానే ఉంది, మళ్లీ మోటార్ సైకిల్ తీశాడు. ఊరంతా సంతోషించింది. అతని ముందు కాగితం నిండా చిన్న నక్షత్రాలు గీసి పెట్టి అన్నీ కొట్టేయమంటే, కుడివైపువి కొట్టేసి "అయిపోయినయి సార్" అంటాడు. ఎడమవైపు సగం కాగితం అలాగే ఉంటుంది. కన్ను బాగుంది, మెదడే ఆ పక్కను లెక్కలోకి తీసుకోవడం మానేసింది. ఆ సంగతి అతనికీ తెలియదు. నిజామాబాద్ అర్సపల్లి దగ్గర ఎడమ సందులోంచి ఆటో వస్తే ఏమవుతుందో ఊహించండి.

అందుకే, వికలాంగులను రోడ్డెక్కిస్తే ప్రమాదాలు పెరుగుతాయని వాదించేవాళ్లకు నా జవాబు సూటిగా ఉంటుంది. ప్రమాదం పరీక్ష లేకపోవడంలో ఉంది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అందరికీ సరే అనే మనిషి కాదు. నీకు ఇప్పుడే వద్దు, ఆరు నెలలాగి రా అని చెప్పగలిగేది, ఎందుకు వద్దో చూపించగలిగేది వాళ్లే. ఆ మాట చెప్పేవాళ్లు లేక, నడపగలిగిన మనిషి ఇంట్లో ఉంటున్నాడు, నడపకూడని మనిషి రోడ్డు మీద ఉంటున్నాడు.

ఇంటివాళ్ల సంగతి వేరు, వాళ్లతో కోపంగా మాట్లాడలేను. "నీకెందుకు బిడ్డా బండి, అన్న దింపుతడు గదా" అనే తల్లి ప్రేమతోనే అంటుంది. కానీ అన్న దింపేది అన్నకు వీలైనప్పుడు. అన్న పెళ్లయ్యాక, అన్న మస్కట్ పోయాక? కుట్టుమిషన్ పని చేసే పడుచుపిల్లకు నిజామాబాద్ గాంధీచౌక్‌లో లైనింగ్ గుడ్డ తెచ్చుకోవడానికి ఇంకొకరి తీరిక కోసం చూడాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆమెనే అడగండి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి టికెట్టు ఉచితమైంది, బస్సు మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు. క్యాలిపర్ వేసుకున్న కాలు ఆ మెట్టెక్కే లోపల వెనకవాళ్లు తోసుకుంటూ ఎక్కుతారు. షేర్ ఆటోలో ముందు జరిగి కూర్చోమంటారు, ఆమె జరగలేదు.

తల్లి భయాన్ని తిట్టి పోగొట్టలేం. కూతురు బ్రేకు ఎంతలో పడుతుందో, చెయ్యి ఎంత పట్టు పడుతుందో కొలిచిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్తే, భయంలో సగం అక్కడే దిగిపోతుంది. మిగతా సగం కూతురు పదిసార్లు పోయి క్షేమంగా వస్తే పోతుంది.

ఇక ఖర్చు మాట. ప్రతి ఊరికీ ఒక థెరపిస్ట్‌ను ఎవరూ అడగడం లేదు. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, దాని కింద పెద్ద జనరల్ ఆస్పత్రి ఉంది. ఎముకల వార్డు, నరాల రోగులు, షుగర్ పుండ్లు అన్నీ అక్కడికే వస్తాయి. అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ కూర్చుని, వారంలో ఒక పూట మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుతో, ఒక డ్రైవింగ్ టీచరుతో కలిసి మనుషులను చూస్తే చాలు. ఇన్‌స్పెక్టరుకు కూడా అది మేలే. ఎదురుగా ఉన్న మనిషికి లైసెన్సు ఇవ్వాలో వద్దో ఒంటరిగా, కంటిచూపుతో తేల్చే భారం ఇవాళ ఆయన మీదే పడుతున్నది. భయపడి వద్దనడమో, జాలిపడి సరేననడమో తప్ప ఆయనకు దారి లేదు.

స్కూటర్లు పంచేవాళ్లు వరస మార్చాలి. ఇప్పుడు బండి ముందు, మనిషి తర్వాత. ముందు మనిషిని కొలవండి. ఎడమచెయ్యి బలహీనంగా ఉంటే బ్రేకు లీవరు ఏ పక్క ఉండాలో, సీటు ఎంత ఎత్తుండాలో, వీపుకు ఆనుడు కావాలో వద్దో థెరపిస్ట్ రాసిచ్చాక మెకానిక్ పని మొదలుపెట్టాలి. సైడ్ వీల్స్ బిగించే మెకానిక్‌లు మన దగ్గర చేయితిరిగినవాళ్లే, వాళ్లకు కొలతలు చెప్పేవాళ్లు లేరంతే. బండి ఇచ్చిన మూడు నెలలకు మళ్లీ పిలిచి, ఒంటి మీద పుండు లేదని, చక్రాలు సమంగా ఉన్నాయని, మనిషి నిజంగా నడుపుతున్నాడని చూడాలి. లైసెన్సుల వరసలో నిలబడే వికలాంగులు ఈలోగా ఆగనక్కర్లేదు. వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ పేరు రాసి జిల్లా కలెక్టరుకు ప్రజావాణిలో అర్జీ పెట్టొచ్చు: మాకు బండి ఇచ్చారు, నేర్పే మనిషిని కూడా ఇవ్వండి అని. నేర్చుకోవడానికి చోటెక్కడ అంటే, షక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ చుట్టూ లారీలు తిరగని దారులున్నాయి. మిల్లు మూతపడి ఉన్నన్నాళ్లూ ఉదయం రెండు గంటలు వాటిని శిక్షణకు వదలమని అడగడంలో తప్పేమీ లేదు.