గోడెక్కే ద్రవం!

కె.సి. కాలువలో నీళ్లు మధ్యలో జోరుగా పారతాయి, గట్టు వారన నెమ్మదిస్తాయి. గట్టుతో రాపిడే కారణం. ఆ రాపిడిని తప్పించుకునే ద్రవమూ ఒకటుంది. అదే ద్రవ హీలియం. 1868లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చి సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఏడాదే ఈ మూలకం జాడ సూర్యుడిలో దొరికింది. దీన్ని మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ దిగువకు చల్లబరిస్తే సన్నటి సందుల్లోంచి కూడా అడ్డులేకుండా జారిపోతుందని 1938లో కపిత్సా, అలెన్, మైజెనర్ వెల్లడించారు. గిన్నెలో పోస్తే పలుచటి పొరలా గోడెక్కి బయటికి కారిపోతుంది కూడా! అయితే దీనికీ ఓ హద్దుంది. వేగం మితిమీరితే గరుకు గోడల దగ్గర బుల్లి సుడులు పుడతాయి. అంతే... పోయిందనుకున్న రాపిడి మళ్లీ హాజరు! ఎంత జారుడు ద్రవమైనా జోరు పెరిగితే గోడకు లెక్క చెప్పాల్సిందే.