మాసపు ముచ్చటలు: మిగిలిన గడియ యెవరిది?

ఆటల వార్తలును, యంత్రముల వార్తలును, గ్రంథముల వార్తలును పత్రికలలో వేఱువేఱు పుటల నచ్చగుచుండును. ఇటీవలి వార్తలను కొన్నింటిని మేమొకచోట చేర్చి చూడగా, అన్నిటిలోను దాగియున్న మాట యొక్కటే కనబడినది. అది స్త్రీల తీరిక.

మొదట ఆటల మాట. స్త్రీల క్రికెట్టు ప్రపంచపోటీలు పురుషుల పోటీలకంటె రెండేండ్లు ముందుగా, 1973లోనే, ఆరంభమైనవని మన సోదరీమణులలో నెందఱెఱుగుదురు? మన జట్టు 2005లోను, 2017లోను తుదిపోటీ వఱకు పోయి యోడినది. 2025 నవంబరు 2వ తేదీన నవీముంబయిలో దక్షిణాఫ్రికావారిని 52 పరుగుల తేడాతో గెలిచి, మొట్టమొదటిసారి కప్పును చేకొన్నది. ఆ జట్టులో బంతిని త్రిప్పివేయు శ్రీచరణి మన కడప జిల్లా బిడ్డ. ఆడపిల్లల గెలుపును ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచుట సంతోషమే. కాని మఱునాటి సాయంకాలము అన్న బ్యాటు పట్టుకొని వీధికి పోవుచుండగా, చెల్లెలిని మాత్రము ఆరిన బట్టలు మడతపెట్టుమను ఇండ్లెన్ని లేవు! ఆట చూచుటకు దొరకిన తీరిక ఆడుటకును దొరకవలదా?

చదరంగపు వార్త మఱింత విచారింపదగినది. శ్రీమతి కోనేరు హంపిగారు తండ్రియొద్ద ఆట నేర్చి, 2002లో, పదునైదవయేటనే, గ్రాండ్‌మాస్టరైరి. 2017లో తల్లియై, కొంతకాల మాటకు దూరముగ నుండిరి. బిడ్డ పుట్టినపిమ్మట ఆటలేల యనుట లోకరీతి. ఆమె మరలివచ్చి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేతలైరి. 2025 జూలైలో బటూమి నగరమున జరిగిన స్త్రీల ప్రపంచకప్పు తుదిపోటీలో 19 ఏండ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేత నోడినను, ఆ పీటకు ఇరుప్రక్కలను కూర్చున్నవారు మన దేశపు స్త్రీలే. తల్లియైనంతమాత్రమున విద్య తఱుగదని ఇందువలన తెలియుచున్నది. అయితే తల్లి గంటలతరబడి పావులను చూచుచు కూర్చుండవలెనన్న, ఆ గంటలు బిడ్డను ఎత్తుకొనువారు మఱియొకరు ఉండవలయును గదా!

ఇక యంత్రముల సంగతి. రోలు, తిరగలి మూలబడినవి; గ్రైండరును, మిక్సీయును, వాషింగ్ మెషీనును వచ్చినవి. ఇన్ని వచ్చినపిమ్మట మనకు తీరిక దొరకినదా? కేంద్రప్రభుత్వమువారు జనులు దినమును గడపు తీరును రెండు పర్యాయములు లెక్క వేయించిరి. ఇంటిపని చేయు స్త్రీకి దినమునకు సగటున 2019లో 299 నిమిషములు, 2024లో 289 నిమిషములు ఆ పనికే పోయినవి. గడియకు 24 నిమిషములు గనుక, ఇది పండ్రెండు గడియల కాలము. ఐదేండ్లలో తగ్గినది అరగడియయైన కాదు. ఇంటిపనిలో చేయివేసిన పురుషునికో, 97 నిమిషములు 88 అయినవి. మన భారము పది నిమిషములు తగ్గగా, వారిది తొమ్మిది నిమిషములు తగ్గినది!

కారణము వెదుకనక్కఱలేదు. చాకిరేవు ఇంటిలోనికి వచ్చినందున, వారమునకు రెండుమార్లు ఉతుకు బట్టలు ప్రతిదినమును ఉతుకవలసివచ్చినది. పిండి సులువుగ రుబ్బబడుచున్నదని ఫలాహారములు రెండు రకములైనవి. సెల్‌ఫోను వచ్చి, బడివారి కబురులు చూచుట, గ్యాసునకు చెప్పుట, బిల్లులు కట్టుట యను కొత్త పనులను తల్లిచేతిలో పెట్టినది. యంత్రము మిగిల్చిన గడియ, మనము కాపాడుకొననిచో, మఱియొక పనిలో కలిసిపోవును.

తీరిక దొరకిన స్త్రీ ఏమి చేయునని యడుగువారికి బాను ముష్తాక్ గారిని చూపవచ్చును. కన్నడదేశమున న్యాయవాదినియైన యీమె 1990 మొదలు 2023 వఱకు వ్రాసిన కథలలో పండ్రెండింటిని దీపా భాస్తిగారు ఆంగ్లమున ‘హార్ట్ ల్యాంప్’ అను పేర తెచ్చిరి. దానికి 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చినది. ముస్లిము కుటుంబములలోని స్త్రీల బ్రతుకులే అందలి కథావస్తువు. అన్ని యేండ్లు కలము పట్టుటకు ఎన్ని గడియలు నిలుపుకొనవలసెనో చదువరులే ఊహింతురుగాక.

మన తీరికలేమిని పొరుగింటి వదినగారితో చెప్పుకొనుట మద్దెల పోయి రోలుతో మొఱపెట్టుకొన్నట్లుండును. చెప్పవలసినది ఇంటిలోనివారితో. తిన్న పళ్లెమును తానే కడుగుట, మడతబట్టలలో సగము తాను మడచుట కుమారునికి ఏడవయేటనే నేర్పిన, కోడలి కాలమునకు అది వింతగా నుండదు. కుమార్తెకు సాయంకాలము రెండు గడియలు, ఆటకో చదువునకో, ఎవరును పిలువరాని కాలముగా ఏర్పఱుపుడు. ఆ పిమ్మట తల్లియు తనకొక గడియను అడిగి తీసికొనవలయును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. మఱి అమ్మకు పెట్టువారెవరు?